సుగ్గికి బొమ్మ

ఆదోనిలో కంప్యూటర్లు చదువుతున్నప్పుడు నేనూ, ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నా స్నేహితురాలూ కలిసి ఒక ఓపెన్ సోర్స్ యాప్‌కి తెలుగు మాటలు రాసేవాళ్ళం. చిన్నపిల్లలకు చదవడం నేర్పే యాప్ అది. ఎవరైనా తెరిచి దిద్దవచ్చు, పైసా రాదు. మేమేదో ఉద్యోగానికి తయారవుతున్నామని ఇంట్లో అనుకునేవాళ్ళు. మేమూ కాదనలేదు.

నాకు మాత్రం అందులో సొంత స్వార్థం ఒకటుంది. మా అన్నా వదినా ఏటా సుగ్గికి పోతారు. వానలు మొహం చాటేస్తే గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోవడాన్నే మా ఊళ్ళో సుగ్గి అంటాం. రెండో తరగతి చదివే వాళ్ళ బిడ్డ కూడా వెంట పోవాల్సిందే. కిందటేడు తిరిగొచ్చేసరికి అక్షరాలన్నీ మరిచిపోయింది. ఈసారైనా మరవకూడదని నా తాపత్రయం. ఈ యాప్‌కి నెట్ అక్కర్లేదు.

ఒక పాఠంలో పంట కోస్తూ నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉంది. దానికి తెలుగు మాట కావాలి. ‘కోతలు’ అని రాస్తే గొప్పలు చెప్పినట్టుంటుందని నవ్వుకున్నాం. ఇంట్లో కన్నడం మాట్లాడే నా స్నేహితురాలు ‘సుగ్గి’ అంది. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే పండుగ కాలం. మా ఊరి మాట యాప్‌లోకి ఎక్కుతుందని నేనూ మురిసిపోయాను. యాప్ నడిపేవాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. మాటలు పలికే గొంతు కూడా నాదే పెట్టారు.

వదిన ఫోన్‌లో ఎక్కించి బిడ్డ చేతికిచ్చాను. తెర మీద ‘సుగ్గి’ అనే మాట, కింద పంట, పిల్లి, తాళం వేసిన తలుపు బొమ్మలు. కూడబలుక్కుని చదివింది. ఏమాత్రం తడుముకోకుండా తాళం మీద వేలు పెట్టింది.

“తప్పు. మళ్ళీ చూడు,” అంది ఫోన్‌లోంచి నా గొంతు.

బిడ్డ నా మొహంలోకి చూసింది. “సుగ్గికి పోతే తాళమే గదత్తా యేసేది? నువ్వే తప్పంటాండావే.”

ఆ మాట తీసేయమని యాప్ వాళ్ళకు రాశాను. నిఘంటువు చూశాం, అర్థం సరిగ్గానే ఉంది, మీ కృషికి ధన్యవాదాలు అని జవాబిచ్చారు. ఆ మర్యాదకు నాకు ఒళ్ళు మండింది. మా వరకైనా మార్చుకుందామని నేనే ఒక కాపీ తయారుచేశాను. అది వదిన ఫోన్‌లో పెట్టేలోపే కూలీల లారీ వచ్చి వాళ్ళను ఎక్కించుకుపోయింది.

కొన్నాళ్ళకు అన్న ఫోన్ నుంచి వదిన మాట్లాడింది. మిరప ఘాటుకు దగ్గుతూనే సంబరపడిపోతోంది.

“బిడ్డ బాగ నేర్చుకునిందిమ్మా. ఇప్పుడు సుగ్గి అంటే ఆ నవ్వేటోళ్ళ బొమ్మే నొక్కుతాంది. తప్పే పోదు.”

అక్షరాలు మరవలేదు. నేను కోరుకున్నదీ అదే. అయినా ఏడుపొచ్చింది. వదిన వెనక, టార్పాలిన్ పట్టా కప్పిన గుడిసెలోంచి నా గొంతు వినిపిస్తోంది. బిడ్డను శభాష్ అంటోంది.