ఇసుక పునాది

2005 ఫిబ్రవరిలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వెళ్లే దారికి లోపలగా అడవి అంచున ఉన్న ఒక పాత శివాలయం మరమ్మతుకు నన్ను వేశారు. ఊరి పేరు రాయను. చదివితే ఆ ఊరివాళ్లకే తెలిసిపోతుంది. అప్పుడు నేను ప్రాచీన కట్టడాల మరమ్మతు విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని. నాకు పైన డిప్యూటీ ఇంజనీరు, కింద కన్జర్వేషన్ అసిస్టెంట్, ఆ కింద మేస్త్రీలు, కూలీలు. ఆర్డరు చేతికిస్తూ మా డిప్యూటీ గారు కాస్త మొహమాటపడ్డారు. మీరు క్రైస్తవులు కదా, గుడి పని అంటే ఇబ్బంది లేదు కదా అని అడిగారు. రాయికి మతం లేదు సార్ అని నేను ఫట్‌మని జవాబిచ్చాను. ఆ జవాబు నాకే బాగా నచ్చింది. దారిపొడుగునా బస్సులో దాన్నే తలుచుకుంటూ వెళ్లాను.

గుడి చిన్నదే, కాకతీయుల కాలం నాటిది. ముందు స్తంభాల మండపం, దాని వెనక ఇరుకైన అంతరాళం, ఆ వెనక గర్భగుడి. మండపంలో నలుగురూ కూర్చునే వెలుతురుంటుంది. అంతరాళంలో అది సగమవుతుంది. గర్భగుడి ద్వారం దగ్గర తల వంచకపోతే నుదురు పగులుతుంది, లోపల దీపం తప్ప ఏమీ కనబడదు. మొదటిరోజు కొలతలు తీస్తూ లోపలికి నడుస్తుంటే నాకు యెరూషలేము దేవాలయం గుర్తొచ్చింది. ఆవరణ, పరిశుద్ధ స్థలం, అతి పరిశుద్ధ స్థలం. మా నాన్న మా చర్చి సంఘంలో వాక్యం బోధించే ఉపదేశి. ఆ మూడింటినీ మా చేత వేళ్ల మీద లెక్కపెట్టించేవాడు. దేవుడి దగ్గరికి పోయే దారి పోనుపోను ఇరుకవుతుందని, మనిషి పోనుపోను చిన్నవాడవుతాడని ఆయన చెప్పిన మాటకు అర్థం నేను ఒక శివాలయంలో టేపు పట్టుకుని తెలుసుకున్నాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

నైరుతి మూల కుంగిపోయింది. గర్భగుడి గోడ అటు ఒరిగి, ద్వారం మీది రాయి పగిలింది. వానాకాలం లోపు ఆ మూలను సరిచేయకపోతే గోడ కూలేది, దాని మీది శిఖరం కూడా వచ్చేసేది. ఇలాంటి పనికి ఒక పద్ధతుంది. ముందు పూజారి దేవుణ్ణి తాత్కాలికంగా పక్కన వేసిన చిన్న పందిట్లోకి మారుస్తాడు, దాన్ని బాలాలయం అంటారు. ఆ తర్వాతే మేం రాయిని ముట్టుకోవాలి. ఒక్కో రాయికి కనబడని వైపున రంగుతో నంబరు వేసి, గొలుసు కప్పీతో దించి, అదే వరుసలో నేల మీద పరుస్తాం. మళ్లీ కట్టేటప్పుడు నంబరు ప్రకారం ఎక్కిస్తాం.

మేస్త్రిగా నేనే యాకోబుని పెట్టుకున్నాను. నేలకొండపల్లి వైపు మనిషి. రాతిపనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు, చాలా మందిరాలకు పునాదులు వేసినవాడు. మా క్రైస్తవులు చర్చిని మందిరమే అంటారు. అతని ముఠాలో ఎక్కువమంది మా విశ్వాసులే. ఆ ఊళ్లో గుడి కమిటీ పెద్ద పేరు నర్సయ్య. వ్యవసాయం చేసుకునే మనిషి, మాట మెత్తగా ఉంటుంది గానీ చూపు పదును. మమ్మల్ని చూసి, "గుడి మొక్కెటోళ్లల్ల మేస్త్రి దొరకలేదా సారూ?" అన్నాడు. పని చూసి మాట్లాడమన్నాను. "మంచిది, చూద్దాం తీ" అని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

గోడ విప్పి పునాది తెరిచాం. లోపల బండ లేదు, ఇసుక ఉంది. నలువైపులా పెద్ద రాళ్లు పేర్చి, మధ్యలో గోతి నిండా ఇసుక దట్టించి, దాని మీద గుడి కట్టారు. మా వృత్తిలో దీన్ని ఇసుక పెట్టె అంటాం. ఆ నేల బంకమట్టి, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మధ్యలో ఇసుక ఉంటే ఆ కదలిక పైకి రాదు, బరువు నాలుగు మూలల మీదా సమంగా పడుతుంది. నైరుతి మూలలో ఒక రాయి జారి, అక్కడి ఇసుక ఏళ్ల తరబడి కొట్టుకుపోయింది. జబ్బు అంతే. జారిన రాయిని పెట్టి, ఇసుక జల్లించి మళ్లీ నింపమని, పునాదిలో చెంచాడు సిమెంటు కూడా పడకూడదని నర్సయ్య ఎదుటే యాకోబుకి చెప్పాను. యాకోబు గోతిలోంచి పిడికెడు ఇసుక తీసి, వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు.

ఆ వారం పైఆఫీసులో మీటింగు ఉండి నేను ఖమ్మం వెళ్లాను. ఖానాపురం హవేలిలో మా ఇల్లు. తిరిగొచ్చేసరికి గుడి ముందు ఊరంతా ఉంది. మధ్యలో యాకోబు తాపీ పట్టుకుని నిలబడ్డాడు. నైరుతి గోతిలో ఇసుక లేదు. అంచుదాకా కాంక్రీటు ఉంది, గచ్చు నున్నగా మెరుస్తోంది. ప్రహరీ గోడకని తెచ్చిన సిమెంటంతా అందులో పోశాడు.

నర్సయ్య నా మొహం మీదే అన్నాడు. "కిరస్తానపోళ్లు కావాలనే మా గుడి పునాదిల సిమెంటు పోసిండ్రు. నువ్వు వద్దన్నది నేను నా చెవుల్తోని విన్న. ఇంకేం చెప్తవ్ సారూ?" అతని వెనక కుర్రకారు యాకోబు సామాన్లు అప్పటికే బండిలో పడేశారు. అతన్ని అప్పుడు పంపేస్తే ఆ మచ్చ ఊరుదాటి పోయేది. గుడి చెడగొట్టినవాడికి గుడి పని ఎవరూ ఇవ్వరు, మందిరం పనీ ఇవ్వరు. రాయి తప్ప వేరే బతుకు తెలియని మనిషి.

నాకు కోపం నషాళానికి అంటింది. ఏమిటిది అని అరిచాను. యాకోబు గొంతు పెంచలేదు. "ఇసుక మీద ఇల్లు నిలువదని చిన్నప్పటి సంది విన్న సారూ. మన మందిరాలకేమో గట్టి బండ మీద పునాది వేస్తిమి. వీళ్ల దేవునికి మటుకు ఇసుకల వేసి చేతులు దులుపుకుంటే అది దొంగపని కాదా? నా మనసొప్పలే. ఎవరి దేవుడైతే ఏంది, పని పనే" అన్నాడు.

ప్రభువు చెప్పిన ఆ ఇద్దరి కథ, బండ మీద కట్టినవాడి ఇల్లు వరదకు నిలవడం, ఇసుక మీద కట్టినవాడిది కూలడం, మా సండే స్కూలు పిల్లలకు నడక కన్నా ముందు వస్తుంది. ఆ కథ తెలియని మేస్త్రి ఎవడూ ఈ తప్పు చేయడు. నర్సయ్య చాలాసేపు గోతిలోకి చూసి, "గింత మంచి మనసుతోని పాడుచేసినోణ్ణి నేనైతే చూడలే" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఊపిరొచ్చింది.

పోసినవాడే తీస్తాడని నేను చెప్పాను. మూడు మూలలు ఇసుక మీద ఆడుతూ, ఒక్క మూల బిగుసుకుపోతే గోడ మధ్యలో చీలుతుంది, కనుక కాంక్రీటు మొత్తం బయటికి రావాలి. అతన్ని పంపేస్తే కొత్త మేస్త్రి వచ్చేలోపు వానలొస్తాయి. నర్సయ్య ఒప్పుకున్నాడు, కానీ షరతు పెట్టాడు. "వానలకు మూల కదిలిందంటే, ఈ మేస్త్రిని ఈ దిక్కు ఏ గుడి మెట్టూ ఎక్కనియ్య." యాకోబు తల ఊపాడు. జరిగింది జరిగినట్టు పైకి రాశాను. డిప్యూటీ గారు వచ్చి చూసి, సరిదిద్దమనే అన్నారు.

కాంక్రీటును మిషనుతో పగలగొడితే అదురుకు మిగతా గోడ పోతుంది. యాకోబు ముఠా ఉలీ సుత్తీతో పెళ్లలు పెళ్లలుగా తీసింది. ఊళ్లోని కోయ కుటుంబాలవాళ్లు వాగు నుంచి ఇసుక మోసిపెట్టారు. దాన్ని జల్లించి, జానెడు మందాన పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో దట్టించాలి. దిగాక మళ్లీ ఒక వరుస. సగం నిండాక యాకోబుని గడ్డపార దింపి చూడమన్నాను. బలం కొద్దీ వేశాడు, మొన దిగి ఆగిపోయింది. పొద్దున అదే ఇసుకలో, వాగు ఒడ్డున, అతని కాలు మడమ దాకా కూరుకుపోయింది.

"ఇసుక గదే కదా సారూ?" అన్నాడు. అదే, చుట్టూ గోడ ఉంది, అంతే తేడా అన్నాను. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అతనే అన్నాడు: "ప్రభువు చెప్పింది వాగుల ఇసుక సారూ. నీళ్లు ఎటు నూకితే అటు పోతది. ఇది కట్టుల ఉన్న ఇసుక." కట్టు అన్న మాట అతనిదే. ఎంత చదివినా నాకు ఆ మాట తట్టలేదని ఒప్పుకోను, తట్టేది, కాస్త ఆలస్యంగా.

గోడ ఎక్కించాక నంబర్లన్నీ కుదిరాయి. మూల కలిసే చోట అతుకు మీద సన్నని గాజు పట్టీ అంటించాం. గోడ వెంట్రుకంత కదిలినా గాజు పగులుతుంది, అదే మాకు సాక్ష్యం. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వాగు పొంగి గుడి మెట్ల దాకా వచ్చింది, భద్రాచలం బస్సులు ఆగిపోయాయి. నీళ్లు తీశాక నేనూ యాకోబూ బురదలో నడిచి వెళ్లేసరికి నర్సయ్య అప్పటికే గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గాజు మీది మట్టిని బొటనవేలితో తుడిచి చూస్తున్నాడు. పట్టీ చెక్కుచెదరలేదు. "నీ ఇసుక నిలవడ్డది మేస్త్రీ" అన్నాడు. దేవుణ్ణి బాలాలయం నుంచి మళ్లీ లోపలికి తెచ్చిన రోజు, ఊరంతా చూస్తుండగా, యాకోబు భుజాన కొత్త తువ్వాల వేసింది నర్సయ్యే. నా సర్వీసులో నాకు వచ్చిన ఏ మెచ్చుకోలు ఉత్తరమూ నాకు అంత గర్వం తేలేదు.

మరుసటేడు ఖానాపురం హవేలిలో మా సంఘానికి కొత్త మందిరం తలపెట్టాం. అక్కడిది నల్లరేగడి. పాత షెడ్డు గోడలు ఎండాకాలం వస్తే చాలు నెర్రెలిచ్చేవి. రాతి గోడల మధ్య ఇసుక పరుపు వేసి దాని మీద పునాది లేపుదామని నేను చెప్పగానే సంఘ పెద్దలు లేచారు. మందిరం కింద ఇసుకా, నలుగురూ నవ్వరా అన్నారు. మా పాస్టరు అయ్యగారు మంచి మనిషి, ఆయన కష్టం ఆయనది. "రేపు ఆ వాక్యం నేనెట్ల చెప్పాలె బ్రదర్, ఏ మొహంతోని చెప్పాలె?" అని నన్నే అడిగారు.

నేను నోరు తెరిచేలోపు, పునాది పనికని నేను పిలిపించిన యాకోబు వెనక బెంచీ నుంచి లేచాడు. సంఘంలో అతను నోరు తెరిచి మాట్లాడింది ఆ ఒక్కసారే. "నేను బండ అనుకుని పోసింది గుడిని పగలగొట్టేది అయ్యగారూ. ఇసుక అనుకుని చీదరించుకున్నది వరదకు నిలవడ్డది. ఇడిసిపెట్టిన ఇసుకే కొట్టుకపోతది. మనమందరం ఇసుకనే కదా, ఆయన కట్టుల ఉంటేనే ఏదన్న మోస్తం. గీ సంగతి నాకు శివుని గుడి చెప్పింది. అబద్ధం ఆడ." అని కూర్చున్నాడు. ఆ తర్వాత పునాది రోజున గోతిలో మొదటి తట్ట ఇసుక అయ్యగారే పోశారు. మందిరం ఈ రోజుకీ నెర్రె లేకుండా ఉంది. ప్రతి ఏడూ ఆ ఉపమానం వచ్చినప్పుడు అయ్యగారు ఇసుక దగ్గర ఒక క్షణం ఆగి, మన కింద ఏముందో మేస్త్రిని అడగండి అంటారు.

రాయికి మతం లేదని నేను డిప్యూటీ గారితో అన్న మాట ఇప్పుడు అనను. ఆ గుడిని కట్టినవాళ్లు వాళ్ల దేవుడి కోసం, వాళ్ల నేల తెలిసి కట్టారు. అది ఎలా నిలబడిందో తెలుసుకోకుండా బాగుచేయబోయినవాడు కాంక్రీటు పోస్తాడు, మంచి మనసుతోనే పోస్తాడు. నా కింద పనికి చేరిన ప్రతి కన్జర్వేషన్ అసిస్టెంటుకూ మొదటిరోజు నేను నేర్పింది ఇదొక్కటే: ముందు పునాది తెరిచి చూడు, ఆ తర్వాతే తాపీ పట్టు.