తినకూడని ఇల్లు

అమెరికాలో, నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, క్రిస్మస్ సెలవుల్లో పక్కింటి లిండా నన్నూ మనవరాలు హాసినినీ పిలిచింది. పిల్లల చేత అల్లం బిస్కెట్లతో బొమ్మరిళ్లు కట్టిస్తుందట. నిజం ఇళ్లకు ఇటుకలు మోసినదాన్ని, ఆ ముచ్చటా తీరాలి కదా అని వెళ్లాను.

బిస్కెట్ గోడలను తెల్లటి పంచదార ముద్దతో అతికిస్తున్నారు. మిగతా పిల్లల ఇళ్లు వంకరగానైనా నిలబడ్డాయి. హాసినిది మూడుసార్లు కూలింది. సాయంత్రం అన్నీ కిటికీలో పెడతారట.

"అమ్మమ్మా, నా హౌస్ ఒక్కటే ఉండదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏడుపెందుకే, పొయ్యి ఎక్కడుందో అడుగు" అన్నాను.

పంచదార కరిగించి ముదురు పాకం పట్టి అంచులకు పూశాను. గోడలు బిగుసుకుపోయాయి. లిండా నోరెళ్లబెట్టింది. మిగతా పిల్లలూ ఇళ్లు పట్టుకుని నా ముందు నిలబడ్డారు.

"వీటిని ఎప్పుడు తింటారో కనుక్కోవే" అన్నాను.

హాసిని అడిగొచ్చింది. "తినరంట అమ్మమ్మా. న్యూ ఇయర్ అయ్యాక ట్రాష్‌లో పడేస్తారు."

ఎంత గొప్ప సంప్రదాయం! తిండి విలువ వీళ్లకు నేనే నేర్పాలని, మిగిలిన గోడముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను. చాలాసేపు నమిలాను.

"హాసినీ, చెత్తబుట్ట ఎక్కడుందో అడుగు" అన్నాను.