అక్కకు మాత్రమే రాసింది

మా అక్కతో ఫోన్లో మాట్లాడడమంటే వాళ్లింట్లో అందరితో మాట్లాడడమే. చెవి సరిగా వినపడదని స్పీకర్ పెట్టుకుంటుంది. నేను "ఎట్లున్నవక్కా" అంటే ముందు బావ దగ్గు, ఆ వెనక కోడలి కుక్కరు కూత, ఆ తర్వాతే అక్క గొంతు. అక్క నిజామాబాద్‌లో ఉంటుంది. నేను నాంపల్లిలో, మేం పుట్టి పెరిగిన గల్లీకి రెండు గల్లీల అవతల. మా ఇద్దరి తర్వాత ఒక తమ్ముడు.

నాకు అక్కతో ఒక మాట చెప్పాల్సి ఉంది. అమ్మ పోయి మూడేళ్లయినా చెప్పలేకపోయాను. స్పీకర్లో చెప్పే మాట కాదు.

ఒకప్పుడు మేం ఉత్తరాలు రాసుకునేవాళ్లం. అక్కకు పెళ్లయి వెళ్లిన కొత్తలో వారానికొకటి. నేను గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగంలో చేరాక, మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిని, మిగిలిన పావుగంటలో రాసేదాన్ని. నేను పెళ్లి చేసుకోనని ఇంట్లో చెప్పకముందే అక్కకు రాశాను. ఆరు నెలలు ఆమె ఆ సంగతి ఎవరికీ పొక్కనివ్వలేదు, బావకు కూడా. ఆ ధైర్యంతోనే ఈ ఏడాది మళ్లీ ఉత్తరం రాద్దామనుకున్నాను.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి ఇన్‌లాండ్ లెటర్లు అడిగితే, కౌంటర్లో ఉన్నామె నన్ను ఒకసారి తేరిపార చూసింది.

"ఎన్ని గావాలె అమ్మా?"

"ఐదియ్యి."

"చానా రోజులకు అడిగిన్రు" అని సొరుగు అడుగునుంచి తీసి ఇచ్చింది.

రాయడానికి మూడు రోజులు పట్టింది. అలవాటు తప్పి చెయ్యి మాట వినలేదు. కాగితంమీద ముందు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇన్‌లాండ్ మీదకు ఎత్తి రాశాను. మడతల అంచుల దాకా నిండిపోయింది.

నేను రాసింది ఇదీ. అమ్మ దవాఖానలో పదకొండు రోజులుంది. తమ్ముడి ఆఫీసు లక్డీకాపూల్‌లో. అక్కడినుంచి దవాఖానకు నడిచొచ్చినా ఇరవై నిమిషాలు. చేర్చిన రోజు వచ్చాడు, మళ్లీ అమ్మ పోయాకే వచ్చాడు. మధ్యలో అమ్మ ప్రతి సాయంత్రం కళ్లు తెరిచి "తమ్ముడొచ్చిండా బిడ్డా?" అని అడిగేది. అందులో మొదటి రెండు రోజులు రాలేదని చెప్పాను. మూడో రోజు ఆమె ముఖం గోడవైపు తిప్పుకుని అన్నం ముట్టలేదు. ఆ మర్నాటి నుంచి "వచ్చిండమ్మా, నువ్వు పండుకున్నప్పుడు వచ్చి కూసున్నడు" అని చెప్పడం మొదలుపెట్టాను. "నన్ను లేపొద్దా?" అనేది. చివరి సాయంత్రం కూడా అదే చెప్పాను, అదే విని పోయింది. సంవత్సరీకం రోజు తమ్ముడు తన ఇంట్లో చుట్టాలందరి ముందు, అమ్మ చివరి రోజుల్లో పక్కనే ఉన్నానని చెప్పుకున్నాడు. కొడుకంటే ఇట్లా ఉండాలని అందరూ మెచ్చుకున్నారు. నేను వంటింట్లో విస్తళ్లు సర్దుతూ విన్నాను. "అక్కా, వాడి అబద్ధానికి నేనే ముందు సాక్ష్యం చెప్పి పెట్టినట్టయింది, ఇది నీకు కాక ఎవరికి చెప్పను?" అని ముగించాను.

పోస్టు చేసిన ఆరో రోజు బేగం బజార్‌లో ఎండుమిర్చి కొంటున్నాను. సంచీలో ఫోను ఆగకుండా మోగుతోంది. మా కుటుంబం గ్రూపు. తెరిస్తే నా ఉత్తరం. మడతలు లేవకుండా ఒక మూల స్టీలు గ్లాసు పెట్టి, రెండు వైపులా ఫోటో తీసి పెట్టింది అక్క కోడలు. కింద, "ఈ రోజుల్లో కూడా చిన్నత్తమ్మ చేత్తో ఉత్తరం రాసిన్రు. అక్షరాలు చూడండి ఎంత ముద్దుగున్నయో" అని రాసింది.

దాని కింద చప్పట్లు, దండాలు, పువ్వులు. ముత్యాల్లాంటి అక్షరాలన్నారొకరు. మా పెదనాన్న కొడుకైతే, తన కూతురి పెళ్లి శుభలేఖల మీద పేర్లు నాతోనే రాయిస్తానన్నాడు. అందులో మా అమ్మ చావు ఉందని ఒక్కరూ అనలేదు. మిర్చి బస్తాల మధ్య నిలబడి ఆ గ్రూపు మొత్తం రెండుసార్లు చదివాను.

అక్కడినుంచే అక్కకు ఫోన్ చేశాను.

"నీ ఉత్తరం ముట్టింది చెల్లె, ముట్టింది" అంది అక్క. "కండ్ల ఆపరేషనైంది గద, ఇంకా మసకనే ఉన్నది. కోడలుతోని చదివించుకున్న."

"అంతా చదివిందా?"

"అంతా చదివింది. బావ గూడ విన్నడు."

"నీకు మాత్రమే రాసిన అక్కా."

"నా పేరు మీదనే గద వచ్చింది" అంది. "పిల్ల ముచ్చటపడి పెట్టింది. వద్దంటే తీసేస్తదిలే. అయినా గివన్ని ఇప్పుడు ఎందుకే? ఫోన్ చేస్తె అయిపోతుండె గద."

వెనక కోడలు "సారీ చిన్నత్తమ్మా" అంటోంది. స్పీకర్ ఉంది మరి.

సాయంత్రానికి ఫోటోలు తీసేశారు. కానీ చదవాల్సినవాడు చదివాడు. ఆదివారం పొద్దున తమ్ముడు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. మూడేళ్లలో వాడు నా ఇంటి గడప తొక్కడం అదే మొదలు. అరుస్తాడనుకున్నాను. సిగ్గుపడతాడని కూడా ఒక మూల ఆశ ఉంది. జవాబులు సిద్ధం చేసుకునే ఉన్నాను.

వాడు కుర్చీలో కూర్చుని ఏడ్చాడు.

"చదివిన అక్కా. నువ్వు చానా మంచిపని చేసినవ్."

నాకు అర్థం కాలేదు.

"ఇన్నేండ్లు అమ్మ నా కోసం ఎదురుచూసుకుంట పోయిందనుకున్న. నిద్ర పడుతుండకపోయె. నేను వచ్చిననుకునే పోయింది గద. ఇగ నాకు ఫికర్ లేదు."

"నువ్వు రాలేదు గదరా" అన్నాను.

"నిజమే. కానీ అమ్మకు తెల్వదు గద."

చాయ్ అడిగి తాగాడు. పోయేటప్పుడు నా చేయి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. మెట్లు దిగుతూ ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడడం వినిపించింది. అమ్మకోసం చెప్పిన అబద్ధాన్ని వాడు తన సొంతం చేసుకుని, తేలికపడి వెళ్లిపోయాడు.

నెల తర్వాత నాకొక ఉత్తరం వచ్చింది. అక్క ఊరి ముద్ర చూసి, చేతుల తడి తుడుచుకుని మరీ విప్పాను. గుండ్రటి, శుభ్రమైన అక్షరాలు, కోడలివి. "మేమందరం క్షేమం. నీ ఉత్తరం అందరికీ నచ్చింది. జరిగిందేదో జరిగింది, తమ్ముడి మీద మనసులో ఏం పెట్టుకోకు. ఆరోగ్యం జాగ్రత్త." అడుగున అక్క సంతకం, గీత దాటి పక్కకు ఒరిగిపోయి ఉంది. ఆ మాటలు అక్క చెప్పి రాయించిందో, కోడలే రాసి సంతకం పెట్టించుకుందో ఎంతసేపు చూసినా తెలియలేదు.

తర్వాతి ఆదివారం అక్కే ఫోన్ చేసింది.

"ముట్టిందా?"

"ముట్టింది."

"మంచిగ రాసింది గద పిల్ల."

"ఔ" అన్నాను.