ఎండిన బోరు పైపు, జీపు క్యారియరు

ఎండిపోయిన బోరు పైపును జీపు నెత్తిన పెడితే తాను ఆ జీపు ఎక్కేదే లేదని మా మామ తెగేసి చెప్పాడు.

"నువ్వు ఎక్కకపోతే ఆ చోట్లో ఇంకొకరు కూర్చుంటార్లే మామా" అన్నాను.

కోడలు మామతో అలా మాట్లాడకూడదని తెలియక కాదు. ఆ రోజుల్లో నేను నోరు మూసుకుని ఉంటే మా సంసారం మూటాముల్లె సర్దుకుని బెంగళూరు కూలికి పోయేది. నాకు పోవాలని లేదు. చచ్చినా పోనని అప్పటికే మనసులో అనేసుకున్నాను.

మాది నాగలమడిక దగ్గర మెట్టపల్లె. మా మామ తండ్రి కాలం దాకా గొర్రెలు మేపుకున్న ఇల్లు. తర్వాత అందరిలాగే వేరుశనగలోకి దిగారు. వాన పడిన ఏడు కాయ, పడని ఏడు ఎద్దులకు వేసే ఒట్టి కట్టె. ఆ కట్టె కూడా రాని ఏళ్లు వరసగా వచ్చాక మా బోరు ఎండింది. ఎద్దులను మేపలేక ఎద్దుల్నీ బండినీ అమ్మేసి, నా మొగుడు హిందూపురం నుంచి ఒక ముసలి జీపు తెచ్చాడు. నాగలమడిక నుంచి పావగడకు మనుషులను తిప్పుదామని ఆయన ఆలోచన. ఆలోచన బాగానే ఉంది, కానీ జీపుకు పైన మూటలు కట్టే క్యారియరే లేదు.

మా వైపు జనం ఉత్త చేతులతో రోడ్డెక్కరు. రాగుల సంచో, శెనక్కాయల మూటో, కాళ్లు కట్టిన కోళ్లో, సాన పట్టించాల్సిన గొడ్డలో ఏదో ఒకటి వెంట ఉంటుంది. జీపు దగ్గరికి వచ్చి, పైకి చూసి, "ఇది యాడ పెట్టల్లప్పా?" అని అడిగేవాళ్లు. నా మొగుడు నీళ్లు నమిలేవాడు. వాళ్లు పోయి బస్సు కోసం నిలబడేవాళ్లు. సాయంత్రం ఖాళీ జీపు తోలుకుని వచ్చి, "అమ్మేసి తమ్మునితో బెంగళూరు పోదాం. ఆడ కట్టడం పని కావాల్సినంత ఉండాది" అనేవాడు. మా మరిది అప్పటికే ఒక కాలు బయట పెట్టి ఉన్నాడు.

"క్యారియరు ఏయించు. ఒక్క పంట కాలం తోలు. అప్పుటికీ జీపు మనకు కూడు పెట్టకపోతే నీకంటే ముందు నేనే నడస్తా" అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. నా పోరు పడలేక ఒప్పుకున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. చెప్పుకోనీ, నాకేం!

పావగడలో వెల్డింగు అంగడికి నేనూ వెంటపడి పోయాను. ఆడది ఇనుము ఎంచడానికి వస్తుందా అని నా మొగుడికి తలకొట్టేసినట్టయింది. నా మటుకు నేను అంగడి ముందున్న ఇనుమంతా కాలితో తోసి తోసి చూశాను. క్యారియరు అంటే ఏముంది? టాపుకు అడ్డంగా రెండు కమ్మీలు గట్టిగా నిలబడితే మిగతాదంతా వాటి మీద కూర్చునేదే. ఆ రెండూ ఏవన్నదే నాకు కావాల్సింది.

వెల్డింగు ఆయన ఎల్ ఆకారంలో ఉండే యాంగులర్ ఇనుము వేయమన్నాడు. దాని అంచు మీద వేలు పెట్టి రుద్ది చూశాను. "ఏమప్పా, దీనిమీద గోనెసంచి ఏస్తే పావగడ చేరేలోపల చిరిగి సగం కాయలు రోడ్డుపాలు కావా?" అన్నాను. అయితే పట్టీ వేద్దామన్నాడు. పట్టీని రెండు చేతులతో పట్టుకుని వంచితే వంగింది. నా చేతికే వంగినది మూటలకు వంగదా? నా మొగుడేమో ఇనుమెందుకు, రెండు నీలగిరి కర్రలు కట్టుకుందామన్నాడు. ఆ మాటకు వెల్డింగు ఆయన కూడా నవ్వాడు.

"మా ఇంట్లో బోరు పైపు ఉండాది. అది ఏస్తావా?" అని అడిగాను.

"పైపు గుండ్రంగా ఉంటాది కదక్కా, మూట జారిపోతాది" అన్నాడు.

"సైకిలు ట్యూబు చుడతా. యాడ జారుతాదో చూస్తా."

చేస్తాను గానీ జారితే నన్ననొద్దని చేతులు దులుపుకున్నాడు.

ఇంటికి వచ్చి పైపు మాట ఎత్తేసరికి మా మామ ఒంటికాలి మీద లేచాడు. బోరు ఎండాక పైకి లాగిన పైపులు ఇంటి వెనక మా వామిదొడ్డిలో పడి ఉండేవి. వాటిని ఎవరూ ముట్టరు. పందిరికి గుంజగా పాతరు, బట్టలు ఆరేయడానికి కూడా కట్టరు. నీళ్లు పోయిన పైపు దేనికి వాడితే అది కూడా ఎండిపోతుందని మా వైపు నమ్మకం. ఊళ్లో ఎన్ని ఇళ్ల వెనక చూసినా అలాంటి పైపులే, కోళ్లు ఎక్కి కూర్చునేవి.

"అది అచ్చిరాని పైపు మ్మే! సంసారం నెత్తిన పెడతావా?" అని కేకలేశాడు.

"బోరు ఎండింది, నిజమే. పైపేం పాపం చేసింది మామా? భూమిలో నీళ్లు లేకపోతే అదేం చేస్తాది? అన్ని దినాలు మన చేనుకు నీళ్లు మోసింది అదే కదా!"

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. మా తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అంత మాట అంటావా అక్కా" అంది. అన్నాను. మళ్లీ అనమన్నా అంటాను.

ఇంతా చేసి, కొలత దగ్గర నా తెలివి తెల్లారింది. నాకు తెలిసిన కొలత ఒక్కటే, ఎద్దులబండి కొలత. బండి మీద మూటలు అడ్డంగా ఎలా పడుకోబెడతామో ఆ లెక్కన తాడు కొలిచి ఇచ్చాను. జీపు బండి కంటే సన్నమని ఎవరికి తోచింది? బిగించి చూస్తే పైపులు రెండు పక్కలా జానెడు బయటికి పొడుచుకొచ్చాయి. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు కన్నడంలో తిట్టిన తిట్లకు నా మొగుడు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. కోయించేద్దామన్నాడు.

"కొనలకు ఎర్రగుడ్డ కట్టు. కనపడకుంటే కదా తగిలేది" అన్నాను.

కోయించలేదు. మంచిపనే అయింది. ఎండాకాలంలో దోవలో ఎక్కడ నీళ్లు కనిపిస్తే అక్కడ ఆపమని ఆడవాళ్లు ఖాళీ బిందెలు తెచ్చి ఆ కొనలకే తగిలించేవాళ్లు. జీపు గణగణమంటూ పోతుంటే అదుగో బిందెల జీపు అనేవాళ్లు. మూటలు జారలేదు, ట్యూబు పట్టుకుంది. జనం బస్సు వదిలేసి మా జీపు కోసం నిలబడడం మొదలుపెట్టారు. మేం మిద్దెలు కట్టలేదు, పొయ్యి మాత్రం ఆరలేదు.

ఆ ఏడు మళ్లీ వాన మోసం చేసింది. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళకు చేలు మాడిపోయాయి. మా మామ అరుగు మీద కూర్చుని, "పైపు పెట్టినావు, వాన పోయింది" అన్నాడు.

"పక్క ఊర్లో ఎవరు ఏ పైపు పెట్టినారని ఆడా పోయింది మామా?"

కానీ ఊరు ఖాళీ కావడం మొదలైంది. మా మరిది, తోడికోడలు కూడా సామాను కట్టారు. వాళ్లను పావగడ బస్సు దగ్గర దించిరావాలి. ఆ తెల్లవారి నేను పశువులు లేని కొట్టం ఊడ్చి వచ్చేసరికి జీపు మీద సామాను కట్టడం అయిపోయింది. తోడికోడలి గంపలు, వాళ్ల చాప, వాళ్ల ట్రంకుపెట్టె. వాటి వెనక, నా పాత చీరలో చుట్టి, నా విసుర్రాయి.

కూలికి పోయేవాళ్లు మా వైపు అన్నీ తీసుకుపోతారు, విసుర్రాయి మాత్రం ఇంట్లోనే వదిలి తలుపు వేస్తారు. తిరిగి వస్తామని దాని అర్థం. విసుర్రాయి కూడా బండెక్కిందంటే ఆ ఇంట్లో మళ్లీ పొయ్యి రాజుకోదు. తోడికోడలు తన రాయిని మూలన పెట్టి వచ్చింది. నా మొగుడు నాకు చెప్పకుండా నాది ఎక్కించాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చీర ఎగదోపుకుని, చక్రం మీద కాలు పెట్టి, పైపు పట్టుకుని టాపు మీదికి ఎక్కాను. ఊరి ముందర, మామ ముందర, మరిది ముందర. ముడి విప్పాను.

"దిగు. జీపు పావగడలో అమ్మేస్తా ఉండా. మాట్లాడేసినా" అన్నాడు నా మొగుడు కింద నుంచి.

"ఎవరిని అడిగి మాట్లాడినావు? పంట కాలమంతా ఈ జీపు కూడు పెట్టిందా లేదా? చెప్పు, నీ నోటితో చెప్పు!"

ఆయన విప్పిన తాడును చేతికి చుట్టుకోసాగాడు.

"పెట్టింది వదినా" అన్నాడు మా మరిది, నేల చూపులు చూస్తూ.

"అయితే నేను రాను. నువ్వు పోతే పో. రాయి మాత్రం ఈడే ఉంటాది."

పై రాయిని నేనే దించుకున్నాను. కింది రాయి నా వల్ల కాలేదు. దాన్ని కౌగిలించుకుని టాపు మీదే కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, కానీ చేతులు వదల్లేదు. ఎంతసేపటికో నా మొగుడు పైకెక్కి, రాయి అందుకుని, ఇంట్లోకి మోసుకుపోయి దాని చోట్లో పెట్టాడు. నేను వెనకే పోయి రాగులు పోసి విసరడం మొదలుపెట్టాను. ఆయన గడపలో నిలబడ్డాడు.

"మాపటికి సంగటి ఉండల్ల" అన్నాడు.

"వస్తే ఉంటాది."

జీపు కదిలిన చప్పుడు వినిపించింది. తల ఎత్తలేదు. పొద్దు గూకింది, సంగటి కెలికాను, ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. అది చల్లారి గట్టిపడింది. అప్పుడు దూరం నుంచి జీపు వినపడింది. లోపల పట్టనంత జనం, పైన ఎవరివో మేకలు. అందరినీ దించి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ముందు కూర్చుని ఆ చల్లటి ముద్ద తిన్నాడు.