సర్దడం ఆగని నా చేతులను దేవుడు పట్టుకున్నాడు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను తెల్లవారి లేవగానే నిన్న చేసిందంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టే రోజులు కొన్ని నా జీవితంలో వచ్చాయి, అది జబ్బో, శోధనో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, తెలియకుండానే మీ ముందు సాక్ష్యం చెబుతున్నాను, క్షమించండి.

నేను రాయపూర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మాది శ్రీకాకుళం వైపు, మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం, పెళ్ళయి వచ్చినప్పటి నుంచి దేవేంద్ర నగర్‌లోనే ఉంటున్నాం. కరోనా వచ్చి కాలేజీ మూసేస్తే పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు, చాలామంది దగ్గర పుస్తకాలు లేవు, ఇంటికి ఒక ఫోను మాత్రం ఉంది. అన్ని సబ్జెక్టుల నోట్సులు, వీడియోలు ఒకేచోట దొరికేలా ఒక వెబ్‌సైటు తయారుచేయమని మా ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు, కంప్యూటరు కాస్త తెలిసిన పాపానికి.

సైటు తయారుచేయడం కష్టం కాలేదు. దేన్ని ఎక్కడ పెట్టాలన్నదే నన్ను పట్టుకుంది. మొదట లెక్చరర్ల పేర్ల వారీగా పెట్టాను, తరువాత విషయం వారీగా మార్చాను, ఆ తరువాత వీడియోలు ఒకవైపు, నోట్సులు ఒకవైపు, హిందీ మీడియం వేరు, ఇంగ్లిష్ మీడియం వేరు, ఇలా రోజుకొక పద్ధతి అన్నిటికంటే మంచిదనిపించేది, అనిపించగానే అంతా కదిపేసేదాన్ని. దుర్గేశ్వరి అనే అమ్మాయి, వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల, నిన్న చదివిన పాఠం ఇవాళ కనబడటం లేదని ఊరి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఆ పిల్లలు తప్పితే నా వల్లే తప్పుతారు, అది తెలుసు, అయినా చేతులు ఆగేవి కావు.

వంటింట్లోనూ అదే వరస. ఒకరోజు మా ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఏటే ఇది, పంచదార డబ్బాలో ఉప్పెట్టినావు? నీ దిమాగ్‌కి కాస్త ఆరామ్ ఇయ్యే," అన్నారు. కోప్పడలేదు, భయపడ్డారు. డాక్టరు గారు ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను, నిద్ర పట్టింది గాని సర్దడం మానలేదు. "ప్రభువా, ఈ పనైనా నా మీద నుంచి తీసెయ్యి, లేదా నాకు వేరే తలైనా ఇయ్యి," అని ప్రార్థించేదాన్ని. ఆయన రెండూ చేయలేదు.

లాక్‌డౌన్ సడలించాక, మా ఊళ్ళోనే పండరీ అనే పేటలో సుగుణమ్మ గారింట్లో మా తెలుగు సహవాసం మళ్ళీ కూడుకుంది. సుగుణమ్మ గారు మా అందరికంటే పెద్దావిడ. నా తల మీద చెయ్యిపెట్టి, "తండ్రీ, ఈ పిల్ల బుర్రలో ఏటి తిరుగుతున్నాదో మాకు తెల్దు, దానికీ తెల్దు, నీకే తెలుసు. ఒక్కకాడ నిలబెట్టు నాయనా," అని ప్రార్థించారు.

తరువాత పాస్టర్ గారు అధ్యాయం, వచనం చెప్పారు. మా సహవాసంలో పెద్దలకు తెలుగు బైబిలు, ఇక్కడే పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి హిందీ బైబిలు, సుగుణమ్మ గారి కోడలు ఛత్తీస్‌గఢీ అమ్మాయి, ఆమెకూ హిందీయే. అందరూ పేజీలు తిప్పి క్షణంలో ఒకేచోటికి వచ్చి ఎవరి భాషలో వారు కలిసి చదివారు. ఏళ్ళ తరబడి చూస్తున్నదే, ఆ రోజు మాత్రం నేను చదవడం ఆపి వాళ్ళ చేతుల వంకే చూస్తూ ఉండిపోయాను. ఆ అంకెలు అక్కడే ఉంటాయి, ఎవరూ కదపరు, అందుకే ఎవరికైనా దొరుకుతుంది. ఏడుపు వచ్చింది, ఎందుకో చెప్పలేను. అది దేవుని స్వరమా, అలిసిపోయిన నా ఆలోచనా అని ఇప్పటికీ తర్జనభర్జన పడుతుంటాను.

ఇంటికొచ్చి సిలబస్‌లో ఉన్నట్టే పేపరు, యూనిట్, పాఠం అంకెల ప్రకారం పెట్టాను, ఒకే అంకె కింద హిందీ నోట్సూ ఇంగ్లిష్ నోట్సూ రెండూ. మర్నాడు ఇంకో పద్ధతి తోచింది, అది నిజంగానే దీనికంటే బాగుంది, ఇప్పుడడిగినా బాగుందనే అంటాను. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది. "ప్రభువా, ఇది మంచిదే, కానీ నన్ను కదపనివ్వకు," అని లేచి వెళ్ళి అంట్లు తోమాను. ఆ మర్నాడూ అంతే, ఆ తరువాతా అంతే, ఎవరు ఆపారో గాని చెయ్యి ఆగింది. పరీక్షలకు ముందు దుర్గేశ్వరి ఫోన్ చేసి, "మేడమ్, సబ్ మిల్ గయా, ఛోటీ బహన్ భీ ఢూంఢ్ లేతీ హై," అంది, అంటే అన్నీ దొరికాయట, వాళ్ళ చెల్లెలు కూడా వెతికి పెడుతోందట. ఆ అమ్మాయి పరీక్ష గట్టెక్కింది, దేవునికే మహిమ కలుగును గాక!

నా తల బాగుపడిందా అంటే ఏం చెప్పను, కొత్త పద్ధతులు ఇంకా తోస్తూనే ఉన్నాయి, రోజూ ప్రార్థించి లేచిపోతూనే ఉన్నాను. మీలో ఎవరైనా ముందు నన్ను నేను చక్కబెట్టుకుని అప్పుడు దేవుని దగ్గరకు వెళ్తాను అనుకుంటుంటే, ప్రియులారా, అలా ఆగకండి. నేను చెల్లాచెదురుగానే వెళ్ళాను, ఇవాళ కూడా అలాగే వచ్చాను. సర్దుకుని రమ్మని ఆయన నన్ను ఒక్కసారీ వెనక్కి పంపలేదు.