కూత లేకుండా కదిలిన మంద

దెయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే మా క్లాసులో నా జవాబు ఒకటే ఉండేది: "పట్టుకురారా, ట్రేలో పెట్టి కోసి చూద్దాం." ఆత్మకూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఆ మాటకు నవ్విన పిల్లల్లో కొందరికి ఇప్పుడు మనవలు ఉన్నారు. నేనింకా ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే, ఏ రోజు సంగతి ఆ రోజు డైరీలో రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఉదయగిరి కొండ కింద జరిగినదాన్ని కూడా అలాగే రాసుకున్నాను. పెంచకుండా, తగ్గించకుండా ఇక్కడ చెబుతున్నాను.

మా కూతురి కూతురు హారిక అప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టుకు జంతువుల ప్రవర్తన తీసుకుంది. ప్రశ్న చిన్నదే. గొర్రెలు తమ కాపరి గొంతును గుర్తుపట్టి వస్తాయా, లేక ఎవరు కూసినా వస్తాయా? కూతలు రికార్డు చేసి, మనిషి కనబడకుండా స్పీకర్‌లో వినిపించి, మంద ఏం చేస్తుందో చూడాలి. అందుకు ఒక మంద కావాలి. నాకు తెలిసిన మంద ఉదయగిరి కొండ కింద గొర్రెలు కాచే గోవిందమ్మది.

గోవిందమ్మ భర్త మాలకొండయ్య అంతకు ముందు వానల కాలంలో గుండెనొప్పితో పోయాడు. అప్పటినుంచి మందను ఆమే తోలుకెళుతోంది. మాలకొండయ్య మందను తన కూతతో కొండ మొదట్లో ఉన్న ఒక చదును బండ దగ్గరికి పిలిచి, దాని మీద ఉప్పు చల్లి నాకించేవాడు. ఆయన పోయాక గోవిందమ్మ ఆ బండ దగ్గరికి వెళ్లలేదు. ఉప్పు దొడ్లోనే పెడుతోంది. మందను చెరువుకట్ట వైపు నుంచి తన కూతతో పిలుస్తోంది.

ఆయన కూత కూడా కూసి చూపించమని హారిక అడిగింది. గోవిందమ్మ ఒప్పుకోలేదు.

"ఆ కూత ఆయనది. మా ఇంట్లో మొగోడు పోతే వాడి కూత వాడితోనే పోవాల. నేను కూస్తిననుకో, గొర్రెలు పోయి ఆయన కోసరం చూస్తాయి. ఆయన రాడు. నోరులేనివాటిని మోసం చేసినట్టు కాదామే?"

హారిక ఇక అడగలేదు. కాబట్టి ఆమె దగ్గర మూడే ఫైళ్లు ఉన్నాయి. ఒకటి గోవిందమ్మ కూత. రెండోది కొండాపురం వైపు కాపరి ఒకాయన కూత. మూడోది ఖాళీ ఫైలు. స్పీకర్ ఆన్‌లో ఉంటుంది, శబ్దం ఉండదు. దానికి కూడా మంద కదిలితే, కదలడానికి కారణం కూత అని చెప్పలేం. పద్ధతి తెలిసినవాళ్లు ఇలాంటిది లేకుండా ప్రయోగం చేయరు.

నా పని చూసి రాయడం. ఏది వినిపిస్తున్నారో నాకు తెలియకూడదని హారిక నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి నాదస్వరం పెట్టింది.

"తెలిస్తే నీ కళ్లు నాకు కావాల్సిందే చూస్తాయి తాతా. నీ మీద నమ్మకం లేక కాదు."

"నేను నేర్పిన పాఠం నాకే చెప్తున్నావా?" అన్నాను గానీ, లోపల సంతోషంగానే ఉంది.

రోజూ పొద్దున్నే ఆత్మకూరు నుంచి ఉదయగిరి బస్సెక్కి వెళ్లేవాళ్లం. హారిక తుప్పల చాటున ఫోనుతో కూర్చునేది. స్పీకర్ చెరువుకట్ట వైపు ఉండేది. గోవిందమ్మ మందకు కనబడకుండా దూరంగా వేపచెట్టు వెనక కూర్చునేది. కెమెరా స్టాండు మీద ఉండేది. పని బాగా నడిచింది. గోవిందమ్మ కూతకు గొర్రెలు కట్టవైపు పరుగెత్తేవి. కొండాపురం ఆయన కూతకు తలెత్తి మళ్లీ మేసేవి. ఖాళీ ఫైలుకు చెవి కూడా ఆడించేవి కావు. హారిక మధ్యాహ్నం టమాటా పప్పన్నం తింటూ థీసిస్ మొదటి వాక్యం కూడా నాకు వినిపించింది.

చివరి రోజు. సంగం ఊరి వైపు వరి మాసూళ్లు మొదలయ్యాయి. కోసిన మడుల్లో మేపడానికి తెల్లవారి గోవిందమ్మ మందను తోలుకెళ్లిపోతుంది. ఆ మధ్యాహ్నం ఎండ కొంచెం వాలింది. నా చెవుల్లో నాదస్వరం మోగుతోంది. ఉన్నట్టుండి గంట కట్టిన ముసలి గొర్రె తలెత్తింది. వెంటనే అన్నీ తలలెత్తాయి. స్పీకర్ ఉన్న కట్ట వైపు కాదు, కొండ వైపు తిరిగాయి. పరుగు లేదు, బెదురు లేదు. వరసగా నడిచి చదును బండ చుట్టూ నిలబడ్డాయి. తలలు దించి నాకడం మొదలుపెట్టాయి.

నేను రాసుకున్నాను: మంద అంతా కదిలింది, బండ వైపు. ఇది గోవిందమ్మ కూత కాదు, కొండాపురం ఆయన కూతా కాదు, ఈ పిల్ల కొత్తగా ఏదో చేర్చిందని అనుకున్నాను.

హెడ్‌ఫోన్లు తీసేసరికి హారిక ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తాతా, అది ఖాళీ ఫైలు."

మేమిద్దరం చేయగలిగినదంతా చేశాం. ఫైలును కంప్యూటర్లో పెట్టి చూస్తే గీత తిన్నగా ఉంది, శబ్దం లేదు. మంద దగ్గర పెట్టిన రికార్డర్లో గాలి, గంట తప్ప ఏమీ లేవు. కొండ మీద మనిషి గానీ కుక్క గానీ కనబడలేదు. పాత ఉప్పు వాసనేమో అనుకుని బండను నేను వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుని చూశాను. మట్టి రుచి. ఒకవేళ ఉప్పు ఉన్నా, అన్ని రోజులూ పక్కనే మేస్తూ ఆ ఒక్క క్షణాన అన్నీ ఎందుకు కదలాలి? పొద్దు వాలేలోపు హారిక ఖాళీ ఫైలు మళ్లీ మళ్లీ పెట్టింది. ఒక్క గొర్రె తలెత్తలేదు.

వీడియోలో ఇంకొకటి ఉంది. అది జరుగుతుండగా నేను చూడలేదు. గొర్రె తలెత్తకముందే, మూలన వేపచెట్టు చాటునే, మందకు కనబడకుండా, గోవిందమ్మ లేచి నిలబడుతుంది. కొంగు భుజం మీదికి లాక్కుని బండ వైపు తిరుగుతుంది. తర్వాతనే గొర్రెలు.

"ఏం వినపడింది గోవిందమ్మా?" అని అడిగాను.

"ఏమీ వినపళ్లా సారూ. కాళ్లు లేచినాయి, అంతే. మీరేందో పెట్టినారనుకున్నా."

ఆ రాత్రి హారిక అన్నం సరిగ్గా తినలేదు. చేసిన ట్రయల్సే కొన్ని. అందులో ఇదొకటి చేరితే, మంద తన కాపరి కూతకే కదులుతుందని గట్టిగా చెప్పడానికి లేదు. మంద వెళ్లిపోతోంది, సబ్మిషన్ దగ్గర పడింది, మళ్లీ చేయడానికి వీల్లేదు. గైడుకు ఫోన్ చేస్తే ఆయన న్యాయంగానే చెప్పాడు. ఏదైనా అలజడి జరిగి ఉంటే కారణం రాసి ఆ ట్రయల్ తీసేయవచ్చు, పరిశీలకుడు సంతకం పెట్టాలి అన్నాడు. పరిశీలకుణ్ణి నేనే.

"కుక్క అడ్డమొచ్చిందని రాస్తే ఏమవుద్ది తాతా?"

"సంతకం పెట్టమంటావా?"

"వద్దులే. నువ్వు పెట్టవు. పెట్టినా నాకు నిద్ర పట్టదు" అంది. లేచి వెళ్లి పెరుగన్నం కలుపుకుంది. అప్పుడు నాకు కలిగిన తృప్తి, నా సర్వీసులో ఏ పిల్లవాడికి ఫస్ట్ క్లాస్ వచ్చినా కలగలేదు.

ఆ ట్రయల్‌ను ఉన్నదున్నట్టు థీసిస్‌లో పెట్టింది. తేలిన ఫలితాన్ని "సూచన మాత్రమే" అని తగ్గించి రాసింది. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మిగతావన్నీ వదిలేసి దాని మీదే పట్టుకున్నాడట. కారణం ఏమిటని అడిగితే తెలియదు సార్ అందట. మళ్లీ అవకాశం ఇస్తే ఎలా చేస్తావని అడిగి, ఆమె చెప్పినంతసేపూ విన్నాడట. పాసైంది. ఇప్పుడు పీహెచ్‌డీకి అప్లై చేస్తోంది.

పాసైన వారంలోనే ఇద్దరం మిఠాయి పట్టుకుని సంగం వెళ్లాం. కోసిన మడుల్లో మంద మేస్తోంది. గోవిందమ్మ గట్టు మీద కూర్చుని ఉంది.

"పాసైనావామే?"

"అయినాను అవ్వా."

"ఆ పొద్దు జరిగింది ఏమని రాసినావు?"

"మంద కదిలింది, ఎందుకో తెలీదు అని."

గోవిందమ్మ మిఠాయి నోట్లో వేసుకుంది. "సరిగ్గానే రాసినావు. బతికినన్నాళ్లూ అంతే, ఏ పనైనా ఎందుకు చేసినాడో చెప్పినోడు కాదు ఆ మడిసి" అని, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. మేమూ నవ్వాం.

దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. నాకు తెలిసిన శాస్త్రంలో దీనికి కారణం ఎంత వెతికినా దొరకలేదు. దొరకలేదన్న బాధ కూడా పెద్దగా లేదు.

మేం బయలుదేరేముందు గోవిందమ్మ గట్టు మీద నిలబడి తన కూత కూసింది. మంద అంతా ఆమె వైపు పరుగెత్తుకొచ్చింది. దానికి కారణం మాత్రం నాకు తెలుసు.