మట్టిమేక చెవి

అలమారలో ఉన్న మట్టిమేకను తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా తొలివాన పడ్డ దొడ్డి వాసన వస్తుంది. నేను మళ్లీ నల్లగొండ వైపు మా ఊళ్లో, నైజాం ఏలుబడి చివరి ఏళ్లలో, గొంగడి కప్పుకున్న అవ్వ పక్కన లంగా సర్దుకుని కూర్చుంటాను.

ముసురు పట్టి మంద దొడ్డి దాటని రోజుల్లో, తొలి ఏకాదశికి దంచిన పేలపిండి బుక్కుతూ, బండ మీద బొగ్గుతో గీసిన పులి-మేక ఆట చుట్టూ ఇంటిల్లిపాదీ చేరేవాళ్లం; చింతగింజలు మేకలు, పెంకుముక్కలు పులులు. మేకల పక్షం ఎప్పుడూ అవ్వదే. ఒక మేకను ఎరవేసి, పులి దాని మీదుగా దూకి తినే సందులో మిగతావాటితో చుట్టుముట్టి, ఎదురుగా కూర్చున్న చిన్నకొడుకు, అంటే మా చిన్నాయిన, మొహం వేలాడేస్తే నోరారా నవ్వేది.

కళ్లకు పొర కమ్మాక ఆ నవ్వు పోయింది. గింజేదో పెంకేదో తెలియక తడబడేది, చిన్నాయిన సందు చూసి గింజలు జరిపేవాడు. ఓ రోజు "నాకొద్దు, మీరే ఆడుకోర్రి" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఆమెను మళ్లీ ఆటకు కూర్చోబెట్టాలని కుంటలోంచి బంకమట్టి తెచ్చి, వేలికి తెలిసేలా పులుల ఒంటిమీద దువ్వెనతో చారలు గీశాను. మేకలకు ఉత్త ఉండలు చాలేవి. కానీ నా పనితనం ఊరుకోలేదు. మా మందలోని మేకలనే చేశాను. కొమ్ము విరిగినది, కుంటిది, గడ్డం ఉన్నది, పొట్ట పెరిగిన చుక్కి. మందలు కలిసిపోతే గుర్తుపట్టడానికి మావాళ్లు వేసే చెవికోత కూడా గోటితో వేశాను. కుమ్మరి తాత తన కుండలతోపాటు కాల్చి ఇచ్చాడు.

అవ్వ ఒక్కొక్కదాన్నీ తడిమి పేరుపేరునా పిలిచింది. ఇల్లంతా నవ్వులు. ఆట మొదలైంది. పులి దూకింది. చచ్చిన మేకను తీసుకోబోతే అవ్వ దాన్ని పిడికిట్లో బిగించింది.

"చుక్కిని ఇయ్య. కడుపుతోనున్నది."

"ఆటనే గదనే అమ్మా," అన్నాడు చిన్నాయిన.

"నీకు ఆట. పులి నోట్లె పెట్టెతందుకే సాదిన్నా నేను?"

ఆ తర్వాత ఆమె ఒక్క మేకనూ ఎర వెయ్యలేదు. ఎర వెయ్యకుండా ఆ ఆట గెలవలేరు. ఓడీ ఓడీ ఆడటమే మానేసింది. చింతగింజలు మళ్లీ తెస్తే, మట్టిమేకలను ఒళ్లో పోసుకుని వద్దంది. ఎంత ప్రేమగా చేశానో అంతకంతా ఆ ఆటను పాడుచేశాయవి.

ఊళ్లు అల్లకల్లోలమైన నైజాం ఏలుబడి చివరి ఏడు, మందను వదిలి నార్కట్‌పల్లి దగ్గర చుట్టాలింట్లో తలదాచుకున్నాం. తిరిగొచ్చేసరికి దొడ్డి ఖాళీ. అవ్వ కొంగు ముడి విప్పి, తనతో తీసుకుపోయిన మట్టిమేకలను ఆ దొడ్డిలో వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కదాని చెవి పట్టుకుని పిలిచింది, బదులొస్తుందేమోనని మధ్యమధ్య ఆగుతూ. నాయిన చూడలేక బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ దొడ్డి లేదు, బొగ్గుగీతల బండ లేదు, పేలపిండి దంచిన రోలు లేదు. మేకల్లో ఇదొక్కటే మిగిలింది, కొమ్మేదో గడ్డమేదో తెలియకుండా అరిగిపోయి. నా కళ్లూ మసకబారాయి. చెవికోత ఇంకా వేలికి తగులుతుంది గానీ, ఇది మా మందలో ఏదో, దీని పేరేమిటో ఎంత తడిమినా గుర్తు రావడం లేదు.